మోటార్లు లేని కంట్రోలర్

టెక్కలి బజారు వీధిలో నగరేశ్వరరావు గారి బెల్లం, మిరపకాయల టోకు దుకాణాన్ని ఆనుకుని ఒక ఇరుకు గది ఉంది. ఖాళీ గోనెలు పడేసే గది. ఆయన కొడుకు వెంకటసాయి ఒక వేసవిలో ఆ గోనెలన్నీ బయటికి తోసి, గోడలకు నీలం రంగు వేసి, రెండు టీవీలూ నాలుగు ప్లాస్టిక్ కుర్చీలూ పెట్టి ‘సాయి గేమ్స్’ అని బోర్డు కట్టాడు. ఎంత రంగు వేసినా బెల్లం వాసన పోలేదు. ఆడుకోవడానికి వచ్చే కుర్రాళ్ళు ఆ వాసనకు అలవాటు పడిపోయారు.

దుకాణం వెనక గోడౌన్‌లో అటక మీదికి బస్తాలు ఎక్కించడానికి కప్పీ, తాడు ఉండేవి. పక్కనే కారం మిల్లు. ఆ మోతలో కిందివాడి మాట పైవాడికి వినపడదు. అందుకని తాడు గుంజి చెప్పుకునేవారు. ఒక గుంజు అంటే ఆగు. రెండంటే లాగు. మూడంటే తాడు వదులు, దింపు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళందరికీ అది వచ్చు. సాయి అక్క దీపికను చేసుకున్న విజయ్‌కుమార్ కూడా పెళ్ళైన కొత్తలోనే నేర్చేసుకున్నాడు. నౌపడ ఉప్పు కొని ఊళ్ళకు తోలే వ్యాపారం అతనిది. భారీ మనిషి, ఎడమ చేతికి వెండి కడియం. అటక మీద కూర్చుని ఫోన్‌లో ఉప్పు ధరలు మాట్లాడుతూనే కింద నుంచి వచ్చిన గుంజుకు తగ్గట్టు తాడు ఆడించేవాడు. చెవులతో పనిలేదు, అతని చేతులే వినేవి.

సాయికి ఇరవై రెండేళ్ళు. పాలిటెక్నిక్ అయ్యాక ఉద్యోగం వెతుక్కోకుండా విశాఖపట్నం నుంచి పాడైన గేమ్ సామాను మూటలుగా తెప్పించి బాగుచేయడం మొదలుపెట్టాడు. దేని లోపల ఏముందో, ఏ సంవత్సరంలో ఎందుకు మారిందో నెట్‌లో చదివి అంకెలతో సహా నోటికి పట్టేవాడు. అన్నిట్లోకీ వణుకు అంటే అతనికి పిచ్చి. తెర మీద కారు గోడకు కొడితే చేతిలో పిడి అదురుతుంది కదా, ఆ వణుకు.

“ఇది నిన్న మొన్నటిది కాదురా,” అనేవాడు కుర్రాళ్ళతో, విప్పిన కంట్రోలర్ ముందు పెట్టుకుని. “డెబ్బై ఆరులోనే నాణెం వేసి ఆడే బైకు ఆట ఒకటి ఉండేది. ఇంకో బండిని గుద్దితే హ్యాండిల్ వణికేది. ఇంట్లో ఆడే వాటికి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. తొంభై ఏడులో కంట్రోలర్ వెనక తగిలించే డబ్బా వచ్చింది, దానికి వేరే రెండు బ్యాటరీలు. ఆ ఏడే రెండు పిడుల్లోనూ రెండు మోటార్లు పెట్టేశారు. ఇదిగో, ఎడం పక్కది పెద్దది, కుడిది చిన్నది. ఈ ఇనప ముక్క సూడు, ఇరుసుకి మధ్యలో లేదు. ఒక పక్కకి వాలి ఉన్నాది. తిరిగితే నిలకడగా ఉండలేదు, పిడి మొత్తాన్ని ఊపేస్తాది.”

“అంటే తప్పుగా బిగించడమే కదన్నా,” అన్నాడు ధర్మేంద్ర. పక్క పల్లెలో వరి పండించే గణపతిరావు కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు, రోజూ వచ్చేవాడు.

“తప్పుగా బిగించడమే. కావాలని.”

గది బాగానే నడిచింది. కానీ నగరేశ్వరరావు ఒక్క మాట ఖాయంగా చెప్పాడు. వచ్చే వేసవి సెలవుల దాకా చూస్తాను. ఈలోగా దీనికి మంచి పేరు రాకపోతే గది అల్లుడికి ఇచ్చేస్తాను, ఉప్పు బస్తాలు పెట్టుకుంటాడు. సాయి సరేనన్నాడు. ఆ రోజు నుంచి బావ గదిలోకి వచ్చి గోడల వైపు చూస్తే చాలు, సాయి చేతిలో పని ఆపేసేవాడు.

తిత్లీ తుఫాను తీరాన్ని ఊడ్చేసి వెళ్ళాక విజయ్‌కుమార్ ఊళ్ళ వెంట తిరిగి పాడైన సామాను కొన్నాడు. పడవ ఇంజన్లు, పంపుసెట్లు, తడిసిన టీవీలు. చలి తగ్గే రోజుల్లో ఒక సాయంత్రం అట్టపెట్టె తెచ్చి సాయి ముందు పెట్టాడు.

“ఒరే బామ్మర్దీ, ఇది నీ జాతి సరుకే సూడు.”

నల్లటి పీఎస్ త్రీ గేమ్ పెట్టె. దానికి ఒకటే కంట్రోలర్, ఒక చార్జింగ్ వైరు. సాయి ఆనందం పట్టలేకపోయాడు. “ఎక్కడిది బావా?”

“ఎక్కడిదైతే నీకేటి? పనిచేస్తాదా లేదా అది సూసుకో.”

పని చేసింది. కంట్రోలర్ చేతిలోకి తీసుకోగానే సాయికి తెలిసిపోయింది, తేలిగ్గా ఉంది. రెండు వేల ఆరులో వచ్చిన తొలి రకం. ఆ రకంలో మోటార్లు లేవు. వణుకు పేటెంటు మీద కోర్టు కేసు నడుస్తున్న రోజుల్లో కంపెనీ మోటార్లు తీసేసి అమ్మింది. కేసు తేలాక వచ్చిన రకంలో మళ్ళీ పెట్టింది. సాయి దాన్ని నాన్న దుకాణంలో యాలకులు తూచే చిన్న కాటా మీద పెట్టాడు. నూట ముప్పై ఏడు గ్రాములు. మోటార్లుంటే నూట తొంభై దాటాలి.

వారం తిరక్కుండానే ధర్మేంద్ర ఆట మధ్యలో దాన్ని కుర్చీలో పెట్టేసి లేచాడు.

“సాయన్నా, ఇది బాగోలేదు. గుంజుతంది.”

“వణుకుతందా?”

“వణకడం కాదన్నా. అరచేతిలోంచి ఎవరో పట్టుకుని లాగినట్టు. మూడుసార్లు.”

సాయి నవ్వాడు. “ఒరే, దాన్లో మోటార్లే లేవురా. ఉత్త ప్లాస్టిక్. నువ్వు రాత్రంతా పొలంలో మోటారు కాసి వచ్చావు, నీ చేతులే ఊగుతున్నాయి.”

“మా నీటి మోటారుకీ దీనికీ తేడా తెలీదేటి నాకు?” అని ధర్మేంద్ర చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఇంకొకడు. తర్వాత ఇద్దరన్నదమ్ములు. అందరిదీ ఒకటే మాట. వణకడం లేదు, గుంజుతోంది. మూడుసార్లు, ఆగి, మళ్ళీ మూడుసార్లు. ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయి సెలవులు వచ్చాయి. గది కిటకిటలాడాల్సిన రోజులు. నాలుగు కుర్చీల్లో రెండు ఖాళీగా ఉండేవి. ఆ గదిలో ఏదో ఉందట అని కారం మిల్లు దగ్గర ఆడవాళ్ళు చెప్పుకోవడం సాయి చెవిన పడింది.

ఆ కబురు ఎవరు పుట్టించి ఉంటారు? గది ఖాళీ అయితే ఎవరికి లాభం?

దుకాణం కట్టేశాక సాయి కంట్రోలర్ విప్పాడు. మోటార్లు ఉండాల్సిన చోట్లు రెండూ ఖాళీ. ఎవరూ ఏమీ కొత్తగా అతికించలేదు. వైరు తెంపి కలిపిన గుర్తు లేదు. కానీ ఎడమ పిడి అడుగున తెల్లగా ఏదో పేరుకుని ఉంది. వేలికి అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

ఈ ఇంట్లో ఉప్పు ఎవరి వ్యాపారం?

ఆ రాత్రి సాయికి నిద్ర పట్టలేదు. ఇంకో సంగతి గుర్తొచ్చింది. బావకు ఆటలంటే మోజు. వచ్చినప్పుడల్లా పాత గేమ్ పెట్టె ముందు కూర్చుని కార్ల పందెం ఆడేవాడు. తను తెచ్చిన పీఎస్ త్రీ మాత్రం ఒక్కరోజూ ముట్టలేదు. కంట్రోలర్ కుర్చీలో ఉంటే ఆ కుర్చీలో కూడా కూర్చోడు. పిల్లల్ని బెదరగొట్టడానికి దానికేదో చేశాడు కాబట్టే ముట్టడం లేదని సాయి తేల్చుకున్నాడు. ఏం చేశాడో తెలిస్తే నాన్న ముందు పెట్టి నిలదీయొచ్చు.

అట్టపెట్టె అడుగున పెన్నుతో రాసిన ఓ సముద్రపు ఒడ్డు ఊరి పేరు ఉంది. భావనపాడు.

మే నెల మొదట్లో, ఒడిశా మీదికి ఇంకో తుఫాను వెళ్తోందని రేడియోలో చెబుతున్న రోజు, సాయి కంట్రోలర్‌ను సంచిలో వేసుకుని బండి మీద భావనపాడు వెళ్ళాడు. ఆకాశం బూడిదరంగులో ఉంది. పడవలన్నీ ఒడ్డు మీదికి లాగి పెట్టారు. ఈ ఆట సామాను ఎవరిదని ఒకరిద్దరిని అడిగితే గున్నమ్మ ఇల్లు చూపించారు. ఆవిడ వాన పడేలోగా ఎండు చేపలు గంపలోకి ఎత్తుకుంటోంది. సాయి సంచిలోంచి కంట్రోలర్ తీయగానే చేతులు కొంగుకు తుడుచుకుని దగ్గరికొచ్చింది.

“నా కొడుకు సూరయ్యది. గుజరాతు వేరావల్లో బోటు మీద పన్జేసి తెచ్చుకున్నాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాన్తోటే పడుకునీవాడు. నీకెలాగొచ్చింది, బాబూ?”

“మా వాళ్ళు కొన్నారమ్మా. సూరయ్య ఎక్కడున్నాడు?”

ఆవిడ సముద్రం వైపు గడ్డంతో చూపించింది.

తుఫానుకు మునిగిన బోటులోంచి ఇంజను తీయడానికి సూరయ్య నీళ్ళలోకి దిగాడు. నడుముకు తాడు కట్టుకుని. పైన పడవలో తోటి జాలరి పోతురాజు, ఇంజను కొనుక్కోవడానికి వచ్చిన సావుకారీ ఉన్నారు. ఇంకో తాడుతో ఇంజను పైకొచ్చింది. పోతురాజు ఆ బరువు పట్టుకోవాల్సి వచ్చి, సూరయ్య తాడు కాసేపు సావుకారి చేతిలో పెట్టాడు.

“తాడు తెగిపోయిందన్నాడు ఆ సావుకారి,” అంది గున్నమ్మ. “తెగనేదు. నేను సూసినాను గదా. కొస దాకా మొత్తం తాడు నీళ్ళలోనే ఉన్నాది. ఎవులో వదిలినట్టు, బారలు బారలు.”

“ఆయనెలా ఉంటాడు?”

“లావుగా. సేతికి ఎండి కడియం. దినాలయినాక ఆడే వచ్చి ఈ ఆట సామాను పట్టుకెల్నాడు. ఇంట్లో ఉంటే ఏడుత్తావమ్మా అన్నాడు.”

కంట్రోలర్ ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కదలకుండా నిల్చుంది. వినడానికి నిల్చున్నట్టు.

“మూడు గుంజుతన్నాడు గదా,” అంది నెమ్మదిగా.

సాయి తలూపాడు.

“దిగినోడు ఒకటి గుంజితే బాగున్నాను, పన్లో ఉన్నాను అని. రెండయితే తాడు వదలమని. మూడయితే పైకి లాగమని. మూడొచ్చినప్పుడు పైనున్నోడు ముందు తిరిగి మూడు గుంజాల. నీ కబురు అందింది, లాగుతన్నాను అని. ఆ జవాబిచ్చినోడు మరి తాడు వదలకూడదు.”

“ఎంతవరకు?”

ఆవిడ కంట్రోలర్ తిరిగి సంచిలో పెట్టి మూతి ముడేసింది. “నేను లాగలేను బాబూ. ఆడదాన్ని తాడు ముట్టనివ్వరు ఇక్కడ. తీసుకుపో.”

సాయి టెక్కలి చేరేసరికి సాయంత్రం నాలుగే, కానీ వీధి దీపాలు వేసుకునేంత చీకటి. వాన మొదలైంది. దుకాణం మూసేసి నాన్న ఇంటికి వెళ్ళిపోయాడు. గేమ్స్ గది తలుపు తీసి ఉంది. లోపల విజయ్‌కుమార్ కొలత తాడు పట్టుకుని గోడ కొలుస్తున్నాడు.

“మావయ్య ఒప్పుకున్నాడ్రా. సోమవారం నుంచి బస్తాలు దింపుతాను. నీ సామాను అటక మీద పెట్టుకో.”

సాయి కంట్రోలర్‌కు చార్జింగ్ వైరు తగిలించాడు. రెండో కొస టీవీ బల్ల వెనక ఉన్న పీఎస్ త్రీకి గుచ్చాడు. వైరు మనిషి చాపిన రెండు చేతులంత పొడవు కూడా ఉండదు. అప్పుడే కరెంటు పోయింది. పెట్టె మీది ఎర్ర చుక్క ఆరిపోయింది. మిల్లు మోత కూడా ఆగి, ఒక్క వాన చప్పుడే మిగిలింది.

“గది ఇచ్చేస్తాను బావా,” అన్నాడు సాయి. “నాన్నతో నేనే చెప్తాను. ఒక్కసారి ఇది పట్టుకో.”

“ఎందుకు?”

“ఊరికే.”

“నాకొద్దు. అవతల పనుంది.”

“ప్లాస్టిక్ ముక్క బావా. మోటార్లు కూడా లేవు. దేనికి భయం?”

విజయ్‌కుమార్ నవ్వబోయాడు. తలుపు వైపు చూశాడు, వాన చూశాడు. చివరికి చెయ్యి చాపి తీసుకున్నాడు. రెండు చేతులతో కాదు, ఎడమ చేత్తో, బస్తా చెవి పట్టుకున్నట్టు.

కాసేపు ఏమీ లేదు. బెల్లం వాసన. తడి మట్టి వాసన. దాని వెనక ఇంకేదో... డీజిలు. నానిన తాడు.

వెండి కడియం టక్కుమని పిడికి తగిలింది.

ఒకటి.

మళ్ళీ. రెండు.

మూడు.

సాయి బావ మొహం చూడలేదు. చేతులే చూశాడు. ఆ చేతులు రెండూ వాటంతట అవే ముందుకు వచ్చాయి. కంట్రోలర్ మణికట్టు దగ్గర వేలాడుతుండగా ఎడమది వైరును పట్టుకుంది. కుడిది దాని ముందుకు జరిగింది. మళ్ళీ ఎడమది. తొందర లేకుండా, అలవాటుగా, అటక మీద కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతూ చేసినంత తేలిగ్గా... వైరు వదులుతున్నాయి.

“బావా,” అన్నాడు సాయి గుసగుసగా. “మన గోడౌన్‌లో మూడంటే ఏటి?”

“దింపమని.”

“సముద్రంలో?”

విజయ్‌కుమార్ పెదవులు కదిలాయి. చేతులు ఆగలేదు. వైరు అతని వేళ్ళ మధ్య నుంచి టీవీ బల్ల వెనక్కి, చీకట్లోకి పోతూనే ఉంది. ఎప్పుడో అయిపోవాల్సిన వైరు. ఇంకా పోతోంది. నేల మీద చుట్టలేమీ లేవు. బల్ల వెనక గోడ తప్ప ఏమీ లేదు. అయినా పోతోంది... నల్లగా, తడిగా...

“వదలకు బావా. లాగు.”

“ఆగడం లేదురా,” అన్నాడు విజయ్‌కుమార్. చిన్నపిల్లాడి గొంతు. “నా చేతులు ఆగడం లేదు. ఆ రోజు కూడా...”

మళ్ళీ మూడు. ఈసారి సాయికి కూడా వినిపించింది, కడియం మూడుసార్లు మోగడం. ఇందాకటి కంటే మెల్లగా. ఓపిక అయిపోయినవాడు గుంజినట్టు.

ఏ మోటారూ అలా గుంజదు. మోటారుకు అలసట ఉండదు.

సాయి ముందుకు దూకి బావ చేతుల్లోంచి వైరు లాక్కున్నాడు. చల్లగా, గరుకుగా, బొటనవేలి లావు ఉంది. అరచేతికి ఒక మెలిక వేసుకున్నాడు. ఏం చేస్తున్నాడో ఆలోచించే తీరిక లేదు. మూడుసార్లు గుంజాడు.

అవతల అంతా ఆగిపోయింది.

తర్వాత బరువు పడింది. ఒకేసారి, మనిషి బరువు. సాయి కింద కూలబడ్డాడు. పాదాలు టీవీ బల్లకు తన్నిపెట్టి లాగాడు. ఒక బార. ఇంకో బార. అరచెయ్యి చీరుకుపోయింది. పక్కన విజయ్‌కుమార్ గోడకు ఆనుకుని, ఖాళీ చేతులు ఇంకా గాల్లో ఆడిస్తూ, ఏదో వదులుతూనే ఉన్నాడు. సాయి లాగాడు. బల్ల వెనక నీళ్ళు కదిలిన చప్పుడు. ఏదో గోడకు రాసుకుంటూ పైకి వస్తోంది... ఇంకా... ఇంకా...

ఉన్నట్టుండి బరువు పోయింది.

తెగినట్టు కాదు. కాలు ఎక్కడో మోపినట్టు.

గదిలో రెండు ఊపిరులు వినిపించాయి సాయికి. బావది, తనది. ఆ తర్వాత వాన గట్టిగా పడి ఇంకేమీ వినపడలేదు.

విజయ్‌కుమార్ గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్ళాడు. గడప మీద ఆగాడు, వెనక్కి తిరగలేదు.

“ఈ గది నాకొద్దురా సాయీ. మీ నాన్నతో నేనే చెప్తాను.”

“గున్నమ్మకి కూడా చెప్పు.”

అతను వానలోకి దిగి వెళ్ళిపోయాడు. బండి తీసిన చప్పుడు కూడా లేదు. నడిచే వెళ్ళాడు.

సాయి అలాగే కింద కూర్చున్నాడు. గది తనకు దక్కింది. ఆ మాట లోపల ఒకసారి అనుకుని చూశాడు, సంతోషం రాలేదు. చేతిలో ఉన్నది మళ్ళీ మామూలు వైరు, సన్నటిది, పొడిగా ఉంది. రెండో కొస పెట్టెలోంచి ఊడి వచ్చి అతని ఒడిలో పడి ఉంది. అరచేతి మీద మాత్రం తాడు ఒరుసుకున్న ఎర్రటి గాటు.

చీకటి పడుతుండగా కరెంటు వచ్చింది. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. ఎవరూ నొక్కకుండానే పీఎస్ త్రీ చిన్నగా కూత పెట్టి లేచింది. కుర్చీలు నాలుగూ ఖాళీ. గోడ దగ్గర ఉన్న కుర్చీ కింద మాత్రం నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. తలుపు నుంచి అక్కడిదాకా నేల పొడిగానే ఉంది.

కంట్రోలర్ మీద ఆటగాడి నెంబరు చెప్పే నాలుగు ఎర్ర దీపాలుంటాయి. ఆ పెట్టెకు ఉన్నది ఒకే ఒక్క కంట్రోలర్. ఎప్పుడు పెట్టినా ఒకటో దీపం వెలిగేది. ఇప్పుడు రెండోది వెలిగింది, ఒకటో ఆటగాడు ముందే కూర్చున్నట్టు.

సాయి చేతిలోని వైరును కింద పెట్టేయాలనుకున్నాడు. జవాబిచ్చినోడు తాడు వదలకూడదన్న గున్నమ్మ మాట గుర్తొచ్చి వేళ్ళు తెరుచుకోలేదు. ఎంతవరకు అని అడిగితే ఆవిడ చెప్పలేదు.

పెట్టెకు తగిలించని వైరు అతని పిడికిట్లో మెల్లగా బిగుసుకుంది. గోడ దగ్గరి కుర్చీ వైపు నుంచి...

ఒకే ఒక్క గుంజు. బాగున్నాను, పన్లో ఉన్నాను అని.